‘రంధ్రాన్వేషణ’ అని ఎప్పుడు అనాలి? వంకలు పెట్టడం, ఈకలు పీకడం కూడా అదేనా?

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు

పెద్దలకు నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇక్కడి తెలుగువాళ్ళం కొందరం కలిసి ఊరి జ్ఞాపకాలతో ఒక చిన్న సంచిక తెస్తున్నాం. అచ్చుకు ఇచ్చేముందు వ్యాసాలన్నీ చదివి దిద్దే పని నాకు అప్పగించారు. ఉద్యోగ విరమణ చేసిన ఒక మాస్టారు నౌపడ నుంచి మా ఊరికి నడిచిన చిన్న రైలు గురించి ఎంతో ప్రేమగా రాసిన వ్యాసం వాటిలో ఉంది. నేను దానిలో పన్నెండు చోట్ల ఎర్రసిరాతో గుర్తులు పెట్టి ఆయనకు పంపాను. ఆయన కాగితాలు తిరిగి పంపుతూ మొదటి పుట పైన ఒకే ఒక్క మాట రాశారు: ‘రంధ్రాన్వేషణ’.

ఆ మాట చూసి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఇంట్లో చెబితే మా అత్తగారు, ‘పెద్దాయన రాతకి వంకలెట్టడమేమిటమ్మా’ అన్నారు. కాలేజీలో చదువుతున్న మా అబ్బాయి, ‘కోడిగుడ్డుకి ఈకలు పీకేవన్నమాట’ అన్నాడు. చేసిన పని ఒకటే అయినా ముగ్గురూ మూడు మాటలు అన్నారు. ఆ మూడు మాటలకూ అర్థం ఒకటేనా, లేక ఒక్కొక్కరూ నన్ను ఒక్కో తప్పుకు నిందించారా అన్నది నాకు తేలడం లేదు. ముఖ్యంగా ‘రంధ్రాన్వేషణ’ అన్నప్పుడు, లేని తప్పును ఉన్నదని చెప్పడమా, ఉన్నదే అయినా ఎన్నదగనంత చిన్న తప్పును పట్టుకోవడమా, లేక తప్పు చిన్నదైనా పెద్దదైనా చెడ్డ మనసుతో వెతకడమా? ఈ మూడింటిలో ఆ మాట దేనిని పట్టి చూపుతుందో తెలిసినవారు వివరించగలరని ప్రార్థన. మాస్టారితో తగవు పెంచుకోవాలని అడగడం లేదు. ఆయన నన్ను ఏమన్నారో సరిగా అర్థం చేసుకున్న తరువాతే ఆయన ఇంటికి వెళ్ళాలని ఉంది.

సమాధానం: బరంపురం నుంచి, సంస్కృతం బోధించిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, మీ ప్రశ్న చాలా మంచిది. నిందగా వాడే మాటను ఇంత ఓపికగా విప్పి చూడాలనుకునేవారు తక్కువ.

రంధ్రం అంటే కన్నం. అన్వేషణ అంటే వెతకడం. రెండూ సవర్ణదీర్ఘ సంధితో కలిశాయి. ఒడియా వారు ఇదే అర్థంలో ‘ఛిద్రాన్వేషణ’ అనే రూపాన్ని వాడతారు. ఛిద్రమన్నా కన్నమే కనుక తేడా లేదు. అయితే ఈ కన్నం ఎక్కడిదో తెలిస్తేనే మాట బరువు తెలుస్తుంది. పాత రాజనీతిలో ఛిద్రమంటే రాజ్యంలోని బలహీనమైన చోటు: కోటగోడలో నెర్రె విచ్చిన భాగం, జీతం అందక గొణుగుతున్న సైన్యం, అన్నదమ్ముల మధ్య పొరపొచ్చం వంటివి. రాజు తన ఛిద్రం శత్రువుకు తెలియకుండా చూసుకోవాలనీ, శత్రువు ఛిద్రం మాత్రం తాను తెలుసుకోవాలనీ, తాబేలు అవయవాలను లోపలికి ముడుచుకున్నట్లు తన లోపాలను దాచుకోవాలనీ మనుస్మృతి ఏడవ అధ్యాయం చెబుతుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ దాదాపు అదే మాట ఉంది. అంటే శత్రువు రంధ్రాన్ని వెతకడం రాజుకు దోషమని ఎవరూ అనలేదు. అది అతని విధి. ఆ పని యుద్ధరంగం నుంచి ఇంటిలోకి, కొలువులోకి, సాహిత్య సభలోకి వచ్చినప్పుడే దోషమయింది, ఎందుకంటే అక్కడ ఎదుటివాడు శత్రువు కాడు. శత్రువు కానివాణ్ణి శత్రువులాగా చూసి, ఎక్కడ దెబ్బ కొడితే పడిపోతాడా అని వెతకడమే రంధ్రాన్వేషణ. కనుక మీ మూడు ప్రత్యామ్నాయాలలో మూడవదే దీని అసలు అర్థమని నా నిశ్చయం. తప్పు ఉందా లేదా, చిన్నదా పెద్దదా అన్న ప్రశ్నలు ఈ మాటకు రెండవ వరుసలోవి. ఇది మనసును గురించిన మాట.

తప్పు చిన్నదనే భావం కూడా పాతదే. మహాభారతం ఆదిపర్వంలో, తనను ఎరగనన్న దుష్యంతుడితో శకుంతల అంటుంది: ఎదుటివారి లోపాలు ఆవగింజంతవైనా చూస్తావు, నీవి మారేడుకాయంతవైనా చూస్తూ కూడా చూడవు. అక్కడ ఆమె వాడిన మాట ‘పరచ్ఛిద్రాణి’. ఆవగింజ పరిమాణం ఆ మాటకు అలా అంటుకుని, రంధ్రాన్వేషణ అనగానే సూక్ష్మమైన తప్పులను వెతకడమని మనకు స్ఫురిస్తుంది.

దీనితో కలిపేసి వాడే మరి రెండు మాటలను వేరు చేయాలి. వితండమంటే తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడి పక్షాన్ని ఖండించడం మాత్రమే. ఛలమంటే ఎదుటివాడు అనుకోని అర్థాన్ని అతని మాటకు అంటగట్టి తప్పు పట్టడం. తర్కాన్ని బోధించే న్యాయశాస్త్రంలో దీనికి చెప్పే ఉదాహరణ ప్రసిద్ధమే. ‘ఇతనిది నవకంబళం’ అని కొత్త కంబళి గురించి ఒకడంటే, ‘ఉన్నది ఒకటే కదా, తొమ్మిది ఎక్కడ’ అని మరొకడు అడ్డు తగులుతాడు. మీరు ఈ రెండూ చేయలేదు. మీ మనసు మీకు తెలుసు కాబట్టి ఆ మాట మీకు వర్తించదని ధైర్యంగా ఉండండి.

సమాధానం: రాయగడ నుంచి, అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దే ఒక పాఠకుడు

బరంపురం మాస్టారికి నమస్కరిస్తూనే ఒక చిన్న భేదాభిప్రాయం చెప్పుకుంటాను. మనసును బట్టి మాటను నిర్ణయిస్తే, ఎదుటివాడి మనసు మనకు కనబడదు కనుక, ఆ మాటను సరిగా వాడడం ఎవరికీ సాధ్యం కాదు. మన తెలుగు ఈ చిక్కును ఎప్పుడో గమనించిందనీ, తీర్పునంతా క్రియలో పెట్టిందనీ నాకనిపిస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇతరుల తప్పుల మీద బతుకుతున్న మనిషిని కనుక ఈ మాటలన్నీ నేను పడ్డవే.

తప్పును ‘పడతాం’. పట్టుకోవాలంటే అది అక్కడ ఉండాలి. పారిపోతున్న దొంగనైనా, చేపనైనా ఉంటేనే పట్టగలం. అందుకే ‘తప్పు పట్టాడు’ అన్నప్పుడు తప్పు ఉన్నదనే ఒప్పుకోలు సగం మాటలోనే ఉంది. తప్పులు ‘ఎంచుతాం’, పాత మాటలో ‘ఎన్నుతాం’. లెక్కపెట్టాలన్నా అవి ఉండాలి. కాకపోతే లెక్కపెట్టే ఓపిక ఎందుకు వచ్చిందన్న ఎత్తిపొడుపు అక్కడ చేరుతుంది. వేమన తప్పులెన్నువారని అన్నాడు గాని తప్పులు కల్పించేవారని అనలేదు. వంక మాత్రం ‘పెడతాం’. పెట్టేది అంతకుముందు అక్కడ లేనిది. వంక అంటే అసలు వంపు. నెలవంకలో ఉన్నది అదే, వాగును వంక అనడమూ అందుకే. ‘ఆ వంకతో వచ్చాడు’ అంటే నెపంతో వచ్చాడని. లోపమనీ నెపమనీ రెండర్థాలూ ఒకే మాటలో ఉండడం వల్ల, వంక పెట్టేవాడికి కావలసింది లోపం కాదు, ఒక నెపం అన్న అనుమానం వినేవాడికి కలుగుతుంది. ‘వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చింది’ అన్న సామెతలో ఉన్నది ఇదే. మగపెళ్ళివారు వంకలు పెట్టారంటాం గాని రంధ్రాన్వేషణ చేశారని ఎవరూ అనరు. పప్పు పలచనయినా చిక్కనయినా వాళ్ళు ఏదో ఒకటి అనేవాళ్ళేనని అందరికీ తెలుసు.

ఇక ఈక ‘పీకుతాం’. కోడికి ఈకలుంటాయి, గుడ్డుకు ఉండవు. కనుక కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే చిన్న తప్పును వెతకడమని కొందరు రాస్తున్నది సరికాదు. లేని తప్పును ఉన్నదన్నట్లు శ్రమపడి లాగడమే దాని అర్థం. ఇంగ్లీషులో నిట్‌పికింగ్ అనే మాటకు పత్రికల్లో దీన్నే వాడడం చూస్తుంటాను. అక్కడి పోలిక తలలోని ఈళ్ళను ఏరడం. ఈరు ఎంత చిన్నదైనా నిజంగా ఉంది. గుడ్డు మీద ఈక అసలే లేదు. రెండింటికీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు.

ఈ వరుసలో పెట్టి చూస్తే రంధ్రం ‘వెతుకుతాం’. వెతకడం మొదలుపెట్టేనాటికి అది ఉందో లేదో తెలియదు. దొరకాలన్న కోరిక మాత్రం ముందే ఉంటుంది. నా మట్టుకు రంధ్రాన్వేషణకు గుర్తు ఇదే: చదవడానికి ముందే తప్పు కోసం కూర్చోవడం. చదువుతుండగా కంటికి తగిలినదాన్ని చెప్పడం ఆ మాట కిందకు రాదు. ఇంకో గుర్తు కూడా ఉంది. ‘నేను రంధ్రాన్వేషణ చేస్తున్నాను’ అని తన గురించి చెప్పుకున్న మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు. చేసేవాడి నోట అది ‘దిద్దడం’, పడ్డవాడి నోట అది ‘రంధ్రాన్వేషణ’. కనుక అమ్మా, ఆ మాట మీ పనిని వర్ణిస్తున్నదని వెంటనే అనుకోవద్దు. మాస్టారి నొప్పిని వర్ణిస్తున్నదని ముందుగా అనుకోండి.

మా రాయగడలో ఒడియా మిత్రులు దీన్ని ‘ఖుణ బాఛిబా’ అంటారు. ఖుణ అంటే లోపం, బాఛిబా అంటే ఏరడం. ఏరడమనే మాట నాకు ఇష్టం. బియ్యంలో రాయి ఏరేవాళ్ళను ఎవరూ తిట్టరు, తినబోయేది అందరూ కనుక.

సమాధానం: సిరొంచ నుంచి ఒక పాఠకుడు

మాది గడ్చిరోలి జిల్లాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచ. మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. పై సమాధానాలలో రాని ఒక మాట చేర్చాలనిపించింది: ‘పేర్లు పెట్టడం’. ‘ఆమె వంటకు పేరు పెట్టడానికి లేదు’ అంటే లోపమే లేదని అర్థం. ‘అందరికీ పేర్లు పెడుతది’ అంటే అందరినీ ఏదో ఒకటి అంటుందని. మరాఠీలో సరిగ్గా ఇదే పోలికతో ‘నావే ఠేవణే’ అంటారు. నావ్ అంటే పేరు, ఠేవణే అంటే పెట్టడం. చిన్నచిన్న తప్పులు తీయడాన్ని వారు ‘ఖుసపట్ కాఢణే’ అని వేరుగా చెబుతారు. మా పిల్లలు బడిలో ‘నావే ఠేవణే’ విని ఇంటికి వచ్చి తెలుగులో అదే మాట వినడం వల్ల, ఏ భాష నుంచి ఏ భాషకు వచ్చిందన్న ఆలోచనే లేకుండా రెండూ తమవే అనుకుంటారు.

ఈ మాటకు ఒక పరిమితి ఉంది. పేర్లు మనిషికి, వంటకు, నడతకు పెడతాం గాని రాతకు పెట్టం. వ్యాసాన్ని గురించి ఆ మాట అంటే, వ్యాసాన్ని వదిలి రాసినవారిని అన్నట్లు వినబడుతుంది. మీ పన్నెండు గుర్తులలో అలా వినబడేది ఒక్కటైనా ఉందేమో చూసుకోగలరు.

సమాధానం: పాతపట్నం నుంచి, పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన ఒక పాఠకుడు

చెల్లెమ్మా, పర్లాకిమిడిలో కూర్చుని ఈ మాట గురించి అడుగుతున్నారు గనుక గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోకుండా ఉండలేను. ఆయన 1880లో మన ఊళ్ళో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. గ్రాంథిక భాషే రాయాలి, బడిపిల్లలచేత కూడా అదే రాయించాలి అని పండితులు పట్టుపట్టినప్పుడు, ఆయన చేసిన పనులలో ఒకటి ఆ పండితుల పుస్తకాలనే ముందు పెట్టుకుని, వారు ప్రమాణమన్న వ్యాకరణానికి వారి రాతలే ఎక్కడెక్కడ విరుద్ధంగా ఉన్నాయో ఎత్తి చూపడం. ‘బాలకవి శరణ్యం’, ‘గద్యచింతామణి’ వంటివి ఆ పని ఫలితాలే. ఒక విభక్తి, ఒక సంధి, ఒక క్రియారూపం, ఇలా ఒక్కొక్కటిగా ఏరి చూపారు. బయటినుంచి చూసేవారికి అంతకన్నా నిఖార్సయిన రంధ్రాన్వేషణ ఉండదు.

అయినా నేను దాన్ని ఆ పేరుతో పిలవలేను. బరంపురం మాస్టారు మనసును చూడమన్నారు, రాయగడ మిత్రులు క్రియను చూడమన్నారు. ఆ ఏరిన తప్పులతో చివరికి ఏం చేశారన్నది నేను చూస్తాను. మీకు తెలుగు రాదు, నోరు మూసుకోండి అనడానికి ఆయన ఆ పట్టికలు వాడలేదు. ఇంత చదివిన మీకే ఆ భాష తప్పుల్లేకుండా రాయడం సాధ్యం కానప్పుడు పసిపిల్లల మీద ఎందుకు రుద్దుతారు, వాళ్ళు మాట్లాడే భాషలో రాయనివ్వండి అని వాదించారు. తప్పులెంచే అధికారాన్ని తాను గుంజుకోలేదు. ఆ అధికారమే పిల్లల మీద ఉండకూడదన్నారు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఎన్నో ఏళ్ళు బతికిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన విడిచి వెళ్ళిన ఊళ్ళో మన తెలుగు ఇంకా మిగిలి ఉంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, సరిహద్దులో ఉన్నవాళ్ళ తెలుగుకు వంకలు పెట్టడం అందరికీ అలవాటు. నేను విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో నోరు తెరిస్తే చాలు, ‘మీది ఒడియా తెలుగు’ అనేవారు. సెలవులకు ఊరికి వస్తే ఒడియా మిత్రులు, ‘నీది తెలుగు ఒడియా’ అనేవారు. రెండు వైపులా పడిన మనిషి ఎర్రసిరా చూస్తే, దాని కింద ఉన్న తప్పు కన్నా ముందు పాత అవమానం గుర్తుకు వస్తుంది. మీ మాస్టారికీ అదే జరిగి ఉండవచ్చు. అందుచేత ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు: ఆ పన్నెండు గుర్తులూ వేటి మీద పెట్టారు?

తిరుగు సమాధానం: ప్రశ్న అడిగిన పాఠకురాలు

అందరికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. పాతపట్నం అన్నగారు అడిగిన తరువాత కాగితాలు మళ్ళీ ముందు పెట్టుకుని, రాయగడ వారు చెప్పిన క్రియలతో ఒక్కొక్క గుర్తునూ పరీక్షించాను.

నాలుగు గుర్తులు నిజంగా బియ్యంలో రాళ్ళే. రైలు 1900లోనే గుణుపురం దాకా వెళ్ళిందని మాస్టారు రాశారు. ఆ ఏడాది నౌపడ నుంచి పర్లాకిమిడి వరకే నడిచింది, గుణుపురం దాకా 1931లో పొడిగించారు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు కాగా, ఒకచోట అలా, మరొకచోట రెండు అడుగులని ఉంది. మిగిలిన రెండు గుర్తులూ స్టేషన్ల పేర్లలోని అచ్చుతప్పుల మీద పెట్టినవి. ఇవి అలాగే అచ్చయితే చదివిన పిల్లలు అవే నిజమనుకుంటారు కనుక వీటిని వదిలేది లేదు. మరొకటి వాక్యం సగంలో ఆగిపోయిన చోటు; అది ఆయన కూడా ఒప్పుకుంటారు.

మిగిలిన ఏడూ చూసి నాకు గుండె కలుక్కుమంది. అవన్నీ ఒకే రకం. ఆయన ‘రైలెక్కేను’, ‘చూసేను’, ‘మా నాన్నగారు చెప్పేరు’ అని రాస్తే, నేను వరుసగా ‘ఎక్కాను’, ‘చూశాను’, ‘చెప్పారు’ అని దిద్దాను. ఆయన మాట్లాడేది అలాగే. మా అత్తగారు మాట్లాడేది అలాగే. నన్ను ఆటపట్టించిన మా అబ్బాయి కూడా ‘పీకేవన్నమాట’ అనే అన్నాడు, నేను ఇక్కడ ఆ మాటను దిద్దకుండానే రాశాను. పాఠ్యపుస్తకాల్లోనూ పత్రికల్లోనూ చూసిన రూపమే తెలుగనీ, మా నోటి రూపం తప్పనీ ఎప్పుడో నా చేతికి అలవాటయి, ఆలోచించకుండానే సిరా పడిపోయింది. అక్కడ తప్పే లేదు. కాబట్టి మా అబ్బాయి అన్న మాట ఆ ఏడింటికి అక్షరాలా సరిపోయింది. సిరొంచ వారు చెప్పినట్లు అవి మాస్టారికి వ్యాసం మీది గుర్తులుగా కాక, తనకూ తన తల్లిదండ్రుల మాటకూ పెట్టిన పేర్లుగా వినబడి ఉంటాయి.

ఈ సాయంత్రం వారి ఇంటికి వెళ్ళాను. ఏడు గుర్తులనూ ఆయన ముందే కొట్టివేసి, ఐదింటిని ఉంచి, ఎందుకు ఉంచానో చెప్పాను. ఆయన చాలాసేపు కాగితం చూసి, 1931 అన్న అంకె కింద తన కలంతో గీత గీశారు. తన చిన్నప్పుడు గుణుపురం బండి గురించి వాళ్ళ తాతగారు చెప్పిన మాట ఒకటి గుర్తుకు వచ్చిందనీ, దాన్ని కూడా చేర్చి రెండు రోజుల్లో కొత్త ప్రతి ఇస్తాననీ అన్నారు. వచ్చేటప్పుడు మొదటి పుట మీద తాను రాసిన ఆ ఒక్క మాటను కొట్టివేయబోతే, నేనే ఉంచమన్నాను. పన్నెండింటిలో ఏడింటికి అది చెల్లుతుంది.